పిలుపు జెల్ల

మా పాప హీనావి పాముచెవులని మొదట అన్నది మా అత్త ఖాసీంబీ.

ధర్మవరంలో మేముండే వీధిలో తెల్లారినప్పటి నుంచి దీపాలు పెట్టే దాకా ఏదో ఒక ఇంట్లో మగ్గం ఆడుతూనే ఉంటుంది. మాది ఒక్క గది ఇల్లు. సగం గది, కాళ్లు గుంటలో పెట్టి నేసే గుంట మగ్గానికి పోతే మిగిలిన సగంలో పొయ్యి, చాపలు, మేము. నేను పురుడు పోసుకుని వచ్చిన రోజే నా భర్త రహీమ్ నా పాత చీరతో ఉయ్యాల వేశాడు. ఇంటి కప్పు రేకులది, దానికి కడితే ఆగదు. అందుకని మగ్గం పైదూలానికే కట్టాడు. మా వీధిలో అందరి పిల్లలూ అట్లాగే పెరిగారు. నేసేవాడు పోగును దగ్గరకు కొట్టినప్పుడల్లా ఉయ్యాల దానంతట అదే కదులుతుంది. తల్లికి చేతులు ఖాళీ అవుతాయి. ఆ చేతులతో పట్టునూలు కండెలు చుట్టుకోవచ్చు.

హీనా ఆ ఉయ్యాలలో హాయిగా నిద్రపోయేది. రహీమ్ బీడీ కోసం మగ్గం వదిలి లేస్తే చాలు, కళ్లు తెరిచేది. మళ్లీ కూర్చుని పోగుల మధ్య నాడె విసిరాడంటే కళ్లు మూసేది.

"చూడమ్మే, నాయన పని ఆపితే ఎట్ల లేస్తాందో! పాముచెవులు దీనివి," అని అత్త మురిసిపోయేది. ఇంటికి ఎవరొచ్చినా కొడుకుతో మగ్గం ఆపించి, పాప కళ్లు తెరవడం చూపించేది. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

రెండేళ్లు నిండాయి, మాట రాలేదు. మూడేళ్లు నిండాయి, రాలేదు. అరుపు ఉంది, ఏడుపు ఉంది, నవ్వు ఉంది. అమ్మ అనే మాట మాత్రం లేదు.

"మాట ఆలస్యమైతే ఏమైతాది? వీడు నాలుగేండ్లకు మాట్లాడినాడు," అని అత్త రహీమ్‌ను చూపించేది. "ఇప్పుడు చూడు, బీడీ పెడితే తప్ప మూతపడదు ఆ నోరు."

కొళాయి దగ్గర పక్కింటి మంజులత ఊరుకునేది కాదు. "ఏం బషీరా, మీ పాప మాటలన్నీ కూడబెడతాండాదే! పెండ్లినాడు ఒక్కతూరి కుమ్మరిస్తాదేమో," అనేది. అందరూ నవ్వుతుంటే నేను బిందె ఎత్తుకుని వచ్చేసేదాన్ని. ఇంటికొచ్చి హీనా ముందు కూర్చుని "అమ్మ అనమ్మా, అమ్మ" అని నోరు తెరిచి చూపించేదాన్ని. అది నా నోట్లో వేలు పెట్టి పళ్లు తడిమేది.

వసకొమ్ము తేనెలో అరగదీసి నాలుకకు రాశాను. నాలుక కింద నరం అడ్డమేమోనని కాంపౌండర్‌కు చూపించాను. పెనుకొండ దర్గాలో చక్కెర చదివించి, ఆ చక్కెర నాలుక మీద పెట్టాను. చేసినవన్నీ నాలుకకే. పాముచెవుల బిడ్డకు చెవి చూపించాలని ఎవరికి తోస్తుంది?

నాకు అమ్మ లేదు. పెనుకొండలో అవ్వ పెంచింది. ఎనిమిదో తరగతిలో ఉండగా అవ్వ కాలు విరిగి మంచాన పడితే బడి మానేశాను. ఆ తర్వాత బడికి బదులు పెళ్లి వచ్చింది. ఏ బాధ వచ్చినా నేను పోయేది అవ్వ దగ్గరికే. ఆ రోజు దర్గాలో చక్కెర చదివించి అవ్వ ఇంటికి పోతే, ఆమె హీనాను ఒళ్లో వేసుకుని అడిగింది.

"పిలుపు జెల్లను చేతిలో పెట్టించినావా?"

"అదేందవ్వా?"

"చెరువులో ఉంటాదే, వేలంత చేప, మీసాలది. మామూలు జెల్ల కాదు, ఇది అరుస్తాది. ఒక మూగబిడ్డ గొంతు దాంట్లో ఉండిపోయింది. మాట రాని బిడ్డ చేతిలో పెడితే అరుస్తాది. ఆ బిడ్డకు వినపడిందంటే గొంతు తిరిగి ఇచ్చేసినట్ల. మళ్ల దాన్ని ప్రాణంతో నీళ్లలో వదలాల. కూరాకు వండేది కాదు అది."

"అరిస్తే అరుపు జెల్ల అనాల గదా. పిలుపు జెల్ల అని ఎందుకంటారు?"

అవ్వ హీనా తల నిమిరింది. "చిన్నబిడ్డ ఒళ్లో ఉండంగా ఆ కథ చెప్పగూడదు," అంది.

మర్నాడు పొద్దున్నే కొండ కింది చెరువుకు పోయాం. ఆ ఏడాది వానలు సరిగా లేవు. చెరువు సగానికి దిగిపోయి, అంచుల్లో బురద పెచ్చులు కట్టి ఉంది. అవ్వకు తెలిసిన కదిరప్ప మామ మోకాలి లోతు నీళ్లలో వల పట్టుకుని ఉన్నాడు.

"ఏం కదిరప్పా, పిలుపు జెల్ల దొరుకుతాదా?"

"దొరుకుతాది పెద్దమ్మా. దానికి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుసా? గంపలో ఎన్ని చేపలున్నా ఇది ఒక్కటే కుయ్‌మని నన్ను పిలుస్తాది. నేనీడుండా, నన్ను వదులు మామా అని."

"నీ మొగం. అది నిన్నెందుకు పిలుస్తాది? నీ భార్యే పిలవదు," అంది అవ్వ. కదిరప్ప మామ పడీపడీ నవ్వాడు.

రెండోసారి వల వేస్తే పడింది. వేలంత పొడుగు, బూడిద రంగు, రెండు వైపులా సన్నటి మీసాలు. రెక్కల దగ్గర ముల్లు ఉంటుందట, గుచ్చుకుంటే సలుపుతుందట. కదిరప్ప మామ ఆ ముల్లు తగలకుండా చేపను హీనా అరచేతిలో పెట్టించి, పైన తన చేయి మూశాడు. చేప అరిచింది. తడి వేలితో కొత్త ఇత్తడి చెంబును రుద్దితే వచ్చే చప్పుడులాంటిది. కుయ్, కుయ్.

హీనా ఉలిక్కిపడింది. తన చేతిని చూసుకుంది. నన్ను చూసింది. అంతలో నోరంతా తెరిచి నవ్వింది. నేను ఎన్నడూ చూడని నవ్వు. చేప అరిచినప్పుడల్లా గెంతింది.

"వినింది! చూస్తివా, వినింది!" అని అవ్వ కొంగు కళ్లకు అద్దుకుంది. నేను బురదలోనే కూలబడి ఏడ్చాను. కదిరప్ప మామ చేపను నీళ్లలో వదిలాడు. అది పోయిన వైపు హీనా చేయి చాపి చాలాసేపు నిలబడింది.

ధర్మవరం పోయే ప్యాసింజర్ బండిలో అది కిటికీ కమ్మీకి చెంప ఆనించుకుని కూర్చుంది. బండి చప్పుడు కూడా దానికి ఇష్టమేనని నేను ఎదుటి సీటావిడతో చెప్పాను.

ఇంట్లో పండగలా అయింది. రహీమ్ ఆ సాయంత్రం మగ్గం ఆపి, కూతుర్ని భుజాన ఎక్కించుకుని వీధంతా తిప్పాడు. "నాయనా అను, చాలు. ఇంకేమీ వద్దు నాకు," అని బతిమాలాడు. మంజులత కూడా వచ్చి, "ఇంగ నా మీద కోపం పోయిందా?" అని నవ్వింది. వెంటనే మాట రాదని అవ్వ ముందే చెప్పి ఉంది. చెరువు నిండేలోపల వస్తుందంది. మేము ఎదురు చూశాం.

చెరువు నిండలేదు. శ్రావణం పోయింది, కార్తీకం పోయింది. హీనా రోజుకు ఎన్నిసార్లు నా దగ్గరికి వచ్చి ఖాళీ అరచేయి చాపేదో. చేప కావాలని. ఆ చేతిలో నేను బెల్లం ముక్క పెట్టేదాన్ని, గాజు పెట్టేదాన్ని. అది వాటిని కింద పడేసి మళ్లీ చేయి చాపేది.

ఎండలు ముదిరాక అవ్వ కబురు పంపింది. చెరువు ఎండిపోతోంది, ఆ జెల్ల ఇంక ఉండదు, ఇంకొక్కసారి తీసుకొచ్చి పెట్టించుకో అని.

పాపను ఎత్తుకుని పోయాను. చెరువు మధ్యలో ఒక మడుగు మిగిలి ఉంది. దాని చుట్టూ కొంగలు. అవ్వకు కాలు నొప్పి, కట్ట మీదే కూర్చుండిపోయింది. నేనూ హీనా మడుగు దాకా దిగాం. కదిరప్ప మామ నీళ్లలో దేవులాడి దేవులాడి, చివరికి ఒకటి పట్టాడు.

"పాప చేతికి ఇయ్యనమ్మా. ఈ ఎండకు దీని ముల్లు ఇసం లెక్క ఉంటాది. చెవికాడ పట్టుకుంటా. అరుస్తాది, ఇనపడితే చాలు గదా?"

"చాలు మామా."

హీనా కొంగలను చూస్తూ నిలబడి ఉంది. కదిరప్ప మామ వెనక నుంచి వంగి, చేపను దాని కుడి చెవి పక్కన పట్టుకున్నాడు. చేప అరిచింది. నాలుగడుగుల దూరంలో నిలబడ్డ నాకే గట్టిగా వినపడింది. హీనా కొంగలను చూస్తోంది. చేప మళ్లీ అరిచింది. ఎడమ చెవి దగ్గరా అరిచింది. హీనా కాలితో బురద పెచ్చును తిప్పి, దాని కిందున్న నత్తగుల్లను చూసింది.

"పరాకుగా ఉండాది మామా. ఆటలో పడితే అంతే అది," అన్నాను.

కదిరప్ప మామ నా మొహం చూడలేదు. "ఊఁ, పరాకేమోలేమ్మా," అన్నాడు.

నేను హీనా వెనక నిలబడి చప్పట్లు కొట్టాను. పేరు పెట్టి పిలిచాను. ఇంకా గట్టిగా పిలిచాను. కట్ట మీద నుంచి అవ్వ, "ఏమైందమ్మే, యాల అరుస్తాండావు?" అంది. నా చేతిలో అన్నం తెచ్చిన స్టీలు క్యారియర్ ఉంది. దాన్ని ఎత్తి పక్కనున్న బండ మీద వేశాను. గిన్నెలు ఊడి దొర్లాయి. మడుగు చుట్టూ ఉన్న కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. లేచిన కొంగలను చూసి హీనా చేతులు ఊపింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

అప్పుడు దాని చేయి పట్టుకుని, కదిరప్ప మామ చేతిలోని చేప వీపు మీద ఆనించాను. చేప అరిచింది. వేళ్ల కింద ఆ చేప ఒళ్లంతా సన్నగా అదురుతోంది, నాకూ తెలుస్తోంది. హీనా నోరంతా తెరిచి నవ్వింది.

అదే నవ్వు.

ఆ చేపను వదిలింది ఎవరో, నేను కట్ట ఎక్కింది ఎట్లాగో నాకు గుర్తు లేదు. అవ్వ "ఈతూరి కూడా నవ్వింది గదా?" అని అడిగింది. నవ్విందన్నాను.

ఇంటికి పోయేసరికి మధ్యాహ్నం. రహీమ్ నేస్తున్నాడు. హీనా నా భుజం మీదే నిద్రపోయింది. మామూలుగా అయితే మగ్గం పక్కన చాప మీద పడుకోబెడతాను. ఆ రోజు దాన్ని ఎత్తుకునే వాకిలి దాటి, వీధి అరుగు మీద ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రహీమ్‌ను ఆపమని చెప్పమన్నాను అత్తను.

"యాల ఆపాల? బుటా పువ్వు సగంలో ఉండాడు వాడు."

"ఒక్క నిమిషం అత్తా. లేస్తాదేమో చూస్తాం."

"లేస్తాదేమో ఏంది? లేస్తాది. ఎన్నిసార్లు చూడలేదు? రేయ్, ఆపురా."

మగ్గం ఆగింది. ఎదురింట్లో కూడా ఎవరూ నేయడం లేదేమో, వీధంతా ఒక్కసారి బోసిపోయింది. హీనా నిద్రపోతోంది. అత్త గుమ్మంలో నిలబడి చూసింది. "అలిసిపోయుంటాది ఎండకు. మళ్ల ఆడించరా, ఆపురా," అంది. రహీమ్ ఆడించాడు, ఆపాడు. ఆడించాడు, ఆపాడు. నేను పాపను తెచ్చి మగ్గం పక్కన నేల మీద పడుకోబెట్టాను. ఆడించి ఆపాడు. వెంటనే కళ్లు తెరిచింది.

"చూస్తివా! నేను చెప్పలే?" అని అత్త చప్పట్లు కొట్టింది.

రహీమ్ మాత్రం గుంటలో నుంచి కాళ్లు పైకి తీసుకోలేదు. నేల మీద ఉన్న కూతుర్ని, పైదూలం మీద ఉయ్యాల ఒరిసి పడిన గీతను చూశాడు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు. "నేల అదురుతాండాది, బషీరా. దానికి అదురే తెలుస్తాండాది."

"నోరు ముయ్‌రా!" అంది అత్త. కాసేపటికి తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మగ్గం మీదున్న చీర పూర్తి చేయక తప్పదు కాబట్టి రహీమ్ రాలేకపోయాడు. హిందూపురంలో చెవుల డాక్టరు ఉన్నాడంటే నేనే బయలుదేరాను. పెనుకొండలో అవ్వ బండి ఎక్కింది. బండి కదిలినప్పటి నుంచి హీనా సీటు చెక్కకు చెంప ఆనించే ఉంది. ఈసారి నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆసుపత్రిలో జనం చాలామంది ఉన్నారు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాం. హీనా నా కొంగు పట్టుకుని ఆడుకుంటోంది.

"అవ్వా, ఇప్పుడు చెప్పు. దానికి ఆ పేరెందుకు?"

"ఇప్పుడా? బిడ్డ ఈడుండంగా?"

"దానికి వినపడదు గదా అవ్వా."

ఆ మాట అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అవ్వ హీనా పాదాలను ఒళ్లోకి తీసుకుంది. తర్వాత చెప్పింది.

ఎప్పుడో చెరువు కట్ట తెగితే ఊరి ఆడవాళ్లందరూ మట్టి గంపలు మోశారట. బిడ్డలున్న తల్లులు బిడ్డలను కట్ట మీద తంగేడు పొదల నీడలో కూర్చోబెట్టి మోశారట. అందులో ఒకామెది మూగబిడ్డ. ఆ బిడ్డ ఆడుకుంటూ ఆడుకుంటూ నీళ్లలోకి జారింది. మునిగేటప్పుడు, ఎన్నడూ తెరవని గొంతు తెరుచుకుంది. అమ్మా అని పిలిచింది.

"కట్ట మీదుండే తల్లులందరూ గంపలు దించి తిరిగి చూసినారంట. ఎవరి బిడ్డ వాళ్లకు కనపడింది. మళ్ల గంప ఎత్తుకున్నారు. ఆ బిడ్డ తల్లి ఒక్కతే తిరగలేదు. తన బిడ్డకు మాట రాదు గదా, ఎవరి బిడ్డో పిలుస్తాండాదిలే అనుకునింది. గంప నెత్తిన పెట్టుకుని పోతానే ఉండాది. ఆ పిలుపే నీళ్లలో ఉండిపోయింది. చేప మింగింది." అవ్వ హీనా పాదాన్ని కొంగుతో తుడిచింది. "అందుకే పిలుపు జెల్ల. ఇంగ అడగొద్దు."

అంతలో లోపలి నుంచి మమ్మల్ని పిలిచారు.

డాక్టరు హీనాను బల్ల మీద కూర్చోబెట్టి, ఇనుప కడ్డీలాంటిది ఒకటి తన మోచేతికి కొట్టి చెవి దగ్గర పెట్టాడు. హీనా ఆయన చొక్కా గుండీని చూస్తోంది. దాన్ని మళ్లీ కొట్టి చెవి వెనక ఎముకకు ఆనించాడు. హీనా నవ్వింది.

"వినింది సామీ! వినింది!" అంది అవ్వ.

"లేదవ్వా," అన్నాను. డాక్టరు నా వైపు చూశాడు. ఇంకేవో యంత్రాలు పెట్టి చూశాక చెప్పాడు. పుట్టుకతోనే నరానికి ప్రాణం లేదు. మందు లేదు. మిషను పెట్టినా పెద్ద ఉపయోగం ఉండదు. ఇన్నేళ్లూ మీలో ఎవరూ గమనించలేదా అని అడిగాడు. మగ్గం గురించి చెబుదామని నోరు తెరిచాను. వచ్చింది వేరే మాట.

"ఎప్పటికైనా అమ్మ అంటాదా సార్?"

ఆయన పెన్ను మూత పెట్టాడు. "చెప్పలేనమ్మా. ఆశ పెట్టుకోవద్దు," అన్నాడు.

బండికి ఇంకా టైముంది, బస్సుకే పోదామని బస్టాండుకు వచ్చాం. అవ్వను బల్ల మీద కూర్చోబెట్టి, నీళ్ల కోసం కొళాయి దగ్గర చెంబు పట్టాను. చెంబు నిండే లోపలే. తిరిగి చూస్తే నా కొంగు దగ్గర హీనా లేదు. అవ్వ దగ్గరా లేదు.

"హీనా!"

నాకు తెలియకుండానే గొంతు వచ్చేసింది. బస్టాండంతా వినపడేటట్టు. ఎవరెవరో తిరిగి చూశారు. ఎవరి పిల్లలను వాళ్లు దగ్గరకు లాక్కున్నారు. నేను బస్సుల మధ్య పరుగెత్తాను. కడప బస్సు, బెంగళూరు బస్సు, ఎవరి కాళ్ల మధ్య ఏ గౌను కనపడినా వంగి చూశాను. చెనక్కాయలు అమ్మే ముసలామె నా చేయి పట్టుకుని ఆపింది.

"సుమ్నే, ఊరికే అట్ల పరిగెత్తితే ఎట్లమ్మా? ఒకచోట నిలబడి పేరు పెట్టి పిలువు. అమ్మ గొంతు గదా, యాడున్నా వస్తాది."

నేను ఆమె మొహం చూస్తూ నిలబడిపోయాను. పిలవడానికి నోరు తెరిచాను కూడా.

బస్టాండు కంట్రోలరు ఈల వేశాడు. మూలనున్న మడకశిర బస్సు ఇంజను ఆన్ చేసుకుని గుడగుడమంటోంది. వెనక చక్రం పక్కన, ఆ రేకుకు రెండు అరచేతులూ, చెంపా ఆనించి, కళ్లు మూసుకుని నిలబడి ఉంది హీనా. డ్రైవరు గేరు వేస్తున్నాడు. హారన్ కొట్టాడు. జనం అరిచారు. అది కళ్లు తెరవలేదు.

చంకలో చేయి వేసి లాగాను. ఇద్దరం వెనక్కి పడ్డాం. చక్రం మా ముందు నుంచి పోయింది. హీనా బస్సు పోయిన వైపు చేయి చాపింది. అందకపోయేసరికి ఏడుపు అందుకుంది. గొంతు చించుకుని, మాట లేని ఏడుపు.

"ఏడిపిస్తాండావేందమ్మే, ఊరుకోబెట్టు," అంటూ అవ్వ కుంటుకుంటూ వచ్చింది.

నేను ఊరుకోబెట్టలేదు. చెవి దాని నోటి దగ్గర పెట్టి విన్నాను. మొదలు ఎట్లా ఉంది, మధ్యలో గొంతు ఎక్కడ విరుగుతోంది, ఊపిరి తీసుకునేటప్పుడు ఎట్లా ఎక్కిపడుతోంది.

ఇప్పటికీ అంతే. హీనా ఏడిస్తే వెంటనే ఎత్తుకోను. "రాయివే నువ్వు, రాయివి. బిడ్డ ఏడుస్తాంటే చూస్తా కూర్చుంటావు," అని అత్త తిడుతుంది. రహీమ్ మగ్గం ఆపి నా వైపు చూస్తాడు. నేను కండె పక్కన పెట్టి వింటూ ఉంటాను. కొళాయి దగ్గర వీధి పిల్లలందరూ ఒక్కసారి ఏడుస్తున్నా అందులో దానిది ఏదో తెలియాలి నాకు. కొన్నిరోజులు తెలుస్తుంది. కొన్నిరోజులు, బిందె నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు వేశాక వెనక ఏడుపు వినపడితే, అది మంజులత కొడుకు ఏడుపేలే అనుకుంటాను.